ఏడు బిట్ల చోటులో పది బిట్ల చిత్రం

2003 అక్టోబర్ 17న శ్రీహరికోట నుంచి ఎగిరిన రిసోర్స్‌శాట్-1లో లిస్-4 అనే కెమెరా ఉండేది. అది నేలను 5.8 మీటర్ల గళ్లుగా చూసి, ఒక్కో గడి నుంచి వచ్చే వెలుగును 10 బిట్లలో, అంటే 1,024 మెట్లలో కొలిచేది. కిందికి పంపేది మాత్రం 7 బిట్లే. పదింటిలో ఏ ఏడు పంపాలో ముందే ఎంచుకుని, మిగతావి వదిలేసేవారు. 2011 ఏప్రిల్ 20న వెళ్లిన రిసోర్స్‌శాట్-2లోనూ లిస్-4 ఉంది. అది కూడా 10 బిట్లలో కొలిచి, 7 బిట్లలోనే పంపింది. కానీ ఈసారి షాద్‌నగర్ గ్రాహక కేంద్రంలో విప్పి చూస్తే 10 బిట్ల చిత్రం తిరిగొచ్చింది. చోటు పెరగలేదు. ఆ చోటులో ఏం పెట్టాలన్న ఆలోచన మారింది.

హార్డ్ డిస్క్ నిండిన ప్రతిసారీ ఇంకో హార్డ్ డిస్క్ కొనేవాళ్ల కోసం ఈ అధ్యాయం. సికింద్రాబాద్ స్టేషన్ దిగి నడిచి వెళ్లేంత దూరంలో, రెజిమెంటల్ బజార్‌లో మేడ మీద ఒక గది అద్దెకు తీసుకుని, అప్పో సొప్పో చేసి మల్టీస్పెక్ట్రల్ డ్రోన్ కొనుక్కుని, నల్గొండ వరి పొలాలో మెదక్ పత్తి చేలో తీసి మ్యాపులు ఇచ్చే ఇద్దరు ముగ్గురు కుర్రాళ్లని ఊహించుకుని రాస్తున్నాను. రిమోట్ సెన్సింగ్‌లో ఎంటెక్ చేస్తున్నవాళ్లూ చదవొచ్చు. మీ పేటకి ఈ పని కొత్త కాదు. 1974లో ఏర్పడిన నేషనల్ రిమోట్ సెన్సింగ్ ఏజెన్సీ తొలినాళ్లలో సికింద్రాబాద్ సర్దార్ పటేల్ రోడ్డు చిరునామా నుంచే నడిచింది. ఇప్పుడు బాలానగర్‌లో ఉన్న ఎన్ఆర్ఎస్‌సీ అదే సంస్థ. 2008 సెప్టెంబర్‌లో అది ఇస్రో కేంద్రంగా మారింది.

ముందు మీ దగ్గరున్న సరుకు ఎంతో లెక్క చూడండి. మైకాసెన్స్ రెడ్‌ఎడ్జ్ లాంటి కెమెరాలో అయిదు కళ్లు ఉంటాయి: నీలం, ఆకుపచ్చ, ఎరుపు, రెడ్ ఎడ్జ్, నియర్ ఇన్‌ఫ్రారెడ్. ఒక్కో కన్ను 1,280 అడ్డం, 960 నిలువు పిక్సెళ్ల ఫొటో తీస్తుంది. పిక్సెల్‌కి రెండు బైట్ల చొప్పున ఒక్కో ఫొటో 24 లక్షల బైట్లు దాటుతుంది. అంటే కెమెరా ఒకసారి క్లిక్‌మంటే 12 ఎంబీ. ఒక పొలం మీద నాలుగు వందల సార్లు క్లిక్‌మంటే దాదాపు 5 జీబీ. ఇది ముడి సరుకే. దీన్నుంచి ఫొటోలన్నీ కలిపి కుట్టిన అతుకు చిత్రం, దాన్నుంచి పంట సూచీల మ్యాపులు, క్లయింటుకి పంపే కాపీలు, ఆ కాపీల కాపీలు. సీజన్ అయ్యేసరికి ఏది అసలో ఏది నకలో ఎవరికీ తెలియదు. అప్పుడు ఎవరో ఒకరు 'అన్నీ జేపెగ్ చేసేద్దాం అన్నా' అంటారు. ఆ మాట పడనిచ్చారో, ఆ ఏడాది చేసిన పనంతా నీళ్లపాలే. ఎందుకో చెబుతాను.

ఎంత కుదించాలో చిత్రం చెప్పదు. ఆ చిత్రం చూసి తీసుకోబోయే నిర్ణయం చెబుతుంది. యూరియా ఎక్కడ తగ్గించాలో తేల్చే చిత్రం వేరు, పొలం హద్దు చూపించే చిత్రం వేరు, పెద్దసారుకి వాట్సాప్‌లో పంపే చిత్రం వేరు. ఈ మూడింటికీ ఒకే సెట్టింగ్ పెట్టేవాళ్లు చోటు కోసమో, లేదంటే నిజం కోసమో ఎప్పుడూ ఏడుస్తూనే ఉంటారు.

పక్కదాన్ని చూసి చెప్పగలిగేది

మోండా మార్కెట్‌లో టమాటా ధర అడిగితే వ్యాపారి 'నిన్నటి మీద రెండు రూపాయలు ఎక్కువ' అంటాడు. నిన్నటి ధర మీకు తెలుసని అతనికి తెలుసు. పూర్తి అంకె చెప్పే బదులు తేడా చెబితే సరిపోతుంది, తేడా ఎప్పుడూ చిన్న అంకె. రిసోర్స్‌శాట్-2 లిస్-4 చేసిందీ అంతే. పక్క పిక్సెల్ విలువను బట్టి ఈ పిక్సెల్ ఎంతుంటుందో అంచనా వేసి, అంచనాకీ అసలుకీ మధ్య ఉన్న తేడాను మాత్రమే పంపింది. బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన సి. చాపిన్ కట్లర్ 1950లో పేటెంట్‌కి దరఖాస్తు చేసిన ఉపాయమిది. పేరు డీపీసీఎం. పొలం మధ్యలో పక్కపక్క పిక్సెళ్లు ఏ పది మెట్లో తేడాగా ఉంటాయి కాబట్టి 7 బిట్లు ధారాళంగా సరిపోతాయి. మబ్బు అంచులాంటి చోట 7 బిట్లలో పట్టనంత తేడా వస్తే కొంత మోటుతనం తప్పదు. కానీ మబ్బు అంచు దగ్గర వెలుగును ఎవరు కొలుస్తారు గనక!

రిసోర్స్‌శాట్-1 మూడు బిట్లను వదులుకుంటే, రిసోర్స్‌శాట్-2 పక్క పిక్సెల్ ముందే చెప్పేసిన సంగతిని వదులుకుంది. రెండూ చోటును ఆదా చేసినవే, కానీ మొదటిదానిలో పోయింది మళ్లీ రాదు. ఈ అధ్యాయంలో ఒక్క విషయమే గుర్తుపెట్టుకుంటానంటే ఇది గుర్తుపెట్టుకోండి: తిరిగి లెక్కించగలిగేదాన్ని వదిలేయండి, లెక్కించలేనిదాన్ని పట్టుకోండి.

అంచనా ఎంత బాగా కుదిరితే ఫైలు అంత చిన్నదవుతుంది. కాబట్టి ఏ నేల ఎంత అంచనాకి అందుతుందో మీ కళ్లతో చూడటం మంచిది. దీనికి డ్రోన్ అక్కర్లేదు. యూరప్ వాళ్ల సెంటినెల్-2 చిత్రం ఉచితంగా దొరుకుతుంది, మన ఎన్ఆర్ఎస్‌సీ భూనిధి పోర్టల్‌లో లిస్-3 చిత్రాలూ దొరుకుతాయి. ఎండాకాలం నాటి సెంటినెల్-2 చిత్రం ఒకటి దించుకుని మూడు చదరాలు సమాన కొలతతో కత్తిరించండి. ఒకటి రెజిమెంటల్ బజార్, స్టేషన్ పట్టాలతో సహా. రెండోది హుస్సేన్ సాగర్ నడి నీళ్లు. మూడోది నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద మిర్యాలగూడ వైపు వరి పొలాలు. మూడింటినీ ఒకే పద్ధతిలో, నష్టం లేకుండా కుదించి ఫైళ్ల సైజు పక్కపక్కన రాసుకోండి.

హుస్సేన్ సాగర్ చదరం అన్నిటికంటే చిన్నదై కూర్చుంటుంది. నీరు వెలుగును పెద్దగా తిప్పి పంపదు, నియర్ ఇన్‌ఫ్రారెడ్‌లో అయితే దాదాపు నల్లగా ఉంటుంది, పిక్సెల్ పక్కన పిక్సెల్ ఒకేలా ఉంటుంది. రెజిమెంటల్ బజార్ మొండికేస్తుంది. 10 మీటర్ల పిక్సెల్‌లో అక్కడి సందు పట్టదు. రేకుల కప్పు, సిమెంటు డాబా, వేపచెట్టు, నీళ్ల ట్యాంకు, నీడ అన్నీ ఒకే గడిలో కలిసిపోతాయి. పక్క గడిలో వేరే కలగలుపు. ఎడమ పిక్సెల్‌ని చూసి కుడి పిక్సెల్‌ని చెప్పడం కష్టం. వరి పొలం ఈ రెండింటి మధ్య ఉంటుంది: మడి లోపల నున్నగా, గట్టు దగ్గర గంతు.

అసలు మజా ఇక్కడి నుంచి. రెజిమెంటల్ బజార్ డాబాలు బూడిద రంగువి. నీలంలో వెలుగుగా ఉన్న చోట ఆకుపచ్చలోనూ, ఎరుపులోనూ వెలుగుగానే ఉంటాయి. పక్క పిక్సెల్ చెప్పలేనిది పక్క బ్యాండ్ చెబుతుంది. నీలం, ఆకుపచ్చ చేతిలో ఉంటే ఎరుపును చాలావరకు ఊహించవచ్చు. వరిలో లెక్క తిరగబడుతుంది. ఏపుగా ఉన్న పైరు ఎరుపును మింగేస్తుంది, నియర్ ఇన్‌ఫ్రారెడ్‌ను విసిరికొడుతుంది. ఒకటి తగ్గితే ఇంకొకటి పెరుగుతుంది. బస్తీకి కుదిరిన సూత్రం పొలానికి కుదరదు. అందుకే మంచి పద్ధతులు చిత్రం మొత్తానికి ఒకే సూత్రం పెట్టవు, పిక్సెల్ పిక్సెల్‌కీ తమ అంచనా తప్పిందో లేదో చూసుకుని బరువులు సవరించుకుంటూ పోతాయి. అంతరిక్ష సంస్థలు కలిసి ప్రమాణాలు తయారుచేసుకునే సీసీఎస్‌డీఎస్ 2012లో ప్రకటించిన 123వ ప్రమాణం ఇలాంటిదే. చుట్టూ ఉన్న పిక్సెళ్లను, ముందు వచ్చిన బ్యాండ్లను కలిపి చూస్తుంది, తప్పును బట్టి తనను తాను దిద్దుకుంటుంది. 2019లో దానికి, చెప్పిన హద్దు దాటకుండా కొద్దిపాటి తప్పును అనుమతించే రెండో రూపం వచ్చింది.

ఇది చదివి, ఉత్సాహంగా డ్రోన్ ఫొటోల మీద బ్యాండ్ల మధ్య అంచనా మొదలుపెట్టారనుకోండి, నిరాశ తప్పదు. డ్రోన్ కెమెరాలో ఒక్కో బ్యాండ్‌కీ ఒక్కో లెన్స్. అయిదు కళ్లూ పక్కపక్కన ఉంటాయి కాబట్టి అయిదు ఫొటోల్లో ఒకే మొక్క ఒకే చోట పడదు. కొన్ని పిక్సెళ్లు జరిగి ఉంటుంది, ఎత్తును బట్టి ఆ జరుగుడూ మారుతుంది. పక్క బ్యాండ్‌లో మీరు చూస్తున్నది వేరే ఆకు. సరిచేసి కుదిద్దామంటే, జరిపినప్పుడు పిక్సెల్ విలువలే మారిపోతాయి. అప్పుడది ముడి చిత్రం కాదు. నా మాట వినండి: డ్రోన్ ముడి ఫొటోలను ఏ బ్యాండ్‌కి ఆ బ్యాండ్ విడిగా, నష్టం లేకుండా కుదించి పక్కన పెట్టండి. బ్యాండ్ల మధ్య తెలివి చూపించడానికి అతుకు చిత్రం తయారయ్యాక బోలెడు అవకాశం ఉంది.

నాయిస్‌కి ఎంత కట్నం ఇవ్వాలి

నష్టం లేని కుదింపు ఒక గోడ దగ్గర ఆగిపోతుంది. 'ఎంత తిప్పలు పడ్డా సగం కంటే తగ్గట్లేదు సార్' అని విద్యార్థులు అంటుంటారు. తగ్గదు. తప్పు సాఫ్ట్‌వేర్‌ది కాదు, నాయిస్‌ది. సెన్సర్ నాయిస్‌ను ఏ పక్క పిక్సెల్ చూసీ ఊహించలేం. ఊహించగలిగితే అది నాయిస్ ఎందుకవుతుంది? 12 బిట్ల కెమెరాలో నాయిస్ ప్రామాణిక విచలనం 4 మెట్లు అనుకుందాం. సమాచార సిద్ధాంతం ప్రకారం ఆ నాయిస్ ఒక్కటే పిక్సెల్‌కి దాదాపు 4 బిట్లు మింగుతుంది. మీ అంచనా ఎంత పరమాద్భుతంగా ఉన్నా, నష్టం లేకుండా పిక్సెల్‌కి 4 బిట్ల కిందికి దిగడం అసాధ్యం. అంటే డిస్క్‌లో పెద్ద భాగం మీరు భద్రంగా దాచుకుంటున్నది పంట గురించిన సమాచారం కాదు, సెన్సర్ వణుకు.

ఈ లెక్క తెలిసినవాడు ఒక బేరం ఆడతాడు. 'ఏ పిక్సెల్‌లోనూ 2 మెట్లకు మించి తప్పు రాకూడదు, అంతవరకు పర్వాలేదు' అని కుదింపుకి చెబుతాడు. అప్పుడు ప్రతి అయిదు విలువలకీ ఒక ప్రతినిధి చాలు, పిక్సెల్‌కి 2.3 బిట్లు మిగులుతాయి. బదులుగా నాయిస్ ఎంత పెరిగింది? 4 నుంచి 4.24కి. ఆరు శాతం. పిక్సెల్‌కి రెండు బిట్లు దాటి ఆదా, ఆరు శాతం అదనపు వణుకు: ఇంతకంటే చవక బేరం ఈ వృత్తిలో దొరకదు. ఎస్రీ సంస్థ బయటపెట్టిన లెర్క్ పద్ధతిలో ఈ హద్దును మీరే అంకెగా ఇవ్వొచ్చు, చిత్రాల ఫైళ్లు మార్చే జీడాల్ సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్లలో అది పనిచేస్తుంది. 'క్వాలిటీ 85' లాంటి అంకె మీకు ఏ హామీ ఇవ్వదు. 'తప్పు 2 దాటదు' అన్నది హామీ. రెండూ అంకెలే కదా అనుకోకండి. క్లయింటు నిలదీసినప్పుడు రెండోది చెప్పి నిలబడగలరు.

అయితే ఆ 2 అన్న హద్దు అన్ని చోట్లా ఒకేలా నొప్పి పెట్టదు. ఎన్‌డీవీఐ లెక్క మీకు తెలిసిందే: నియర్ ఇన్‌ఫ్రారెడ్‌లోంచి ఎరుపు తీసేసి, రెండింటి మొత్తంతో భాగించాలి. పచ్చని పైరులో ఎరుపు 400, నియర్ ఇన్‌ఫ్రారెడ్ 3,200 ఉందనుకోండి. సూచీ 0.778. తేడా బాగా కనపడటానికి హద్దును పదింతలు చేద్దాం: రెండింటిలోనూ 20 మెట్ల తప్పు వ్యతిరేక దిశల్లో పడినా అది 0.767 అవుతుంది. ఎవరూ గమనించరు. అదే 20 మెట్ల తప్పు చెట్టు నీడలో, ఎరుపు 100, నియర్ ఇన్‌ఫ్రారెడ్ 150 ఉన్న చోట పడితే? సూచీ 0.2 నుంచి 0.04కి కూలుతుంది. నీడలో ఉన్న పైరు బీడుగా మారిపోతుంది.

వెలుగు తక్కువ ఉన్న చోట మెట్లు సన్నగా, వెలుగు దండిగా ఉన్న చోట మెట్లు వెడల్పుగా ఉండాలి. ప్రకృతి కూడా ఇందుకు ఒప్పుకుంటుంది, ఎందుకంటే వెలుగు పెరిగేకొద్దీ దాని నాయిస్ కూడా వర్గమూలం లెక్కన పెరుగుతుంది. ప్రకాశంలో సన్నని మెట్లు పెట్టినా అవి నాయిస్‌నే కొలుస్తాయి. రిసోర్స్‌శాట్-2లో 56 మీటర్ల గళ్లతో దేశం మొత్తాన్ని అయిదు రోజులకోసారి చూసే ఏవిఫ్స్ కెమెరా 12 బిట్లలో కొలిచి, మల్టీ లీనియర్ గెయిన్ పద్ధతిలో 10 బిట్లకు దించుతుంది. చీకట్లో సన్న మెట్లు, వెలుగులో వెడల్పు మెట్లు. ఒకే ఉపగ్రహం మీద లిస్-4కి ఒక ఉపాయం, ఏవిఫ్స్‌కి ఇంకో ఉపాయం. ఎందుకంటే వాటి పనులు వేరు. మీరు చేయగలిగిన చౌక పద్ధతి: విలువలకు వర్గమూలం తీసి, దాన్ని పూర్ణాంకంగా దాచి, వాడేటప్పుడు మళ్లీ వర్గం చేసుకోవడం.

'ముడి చిత్రాన్ని ముట్టుకోకూడదు, అది పవిత్రం' అనే పట్టుదల కొందరికి ఉంటుంది. ఉపగ్రహ చిత్రాల విషయంలో ఆ పవిత్రత ఎప్పుడో పోయింది. 2005 మే 5న వెళ్లిన కార్టోశాట్-1 తన చిత్రాలను పైనే 3.2 వంతుల్లో ఒక వంతుకి కుదించి, ఒక్కో కెమెరాకి సెకనుకి 105 మెగాబిట్ల చొప్పున దించేది. సెంటినెల్-2 కూడా ఆకాశంలోనే వేవ్‌లెట్ పద్ధతిలో కుదించి పంపుతుంది. మీరు ముడి అనుకుని దించుకునేది ఒకసారి నలిగి, సరిచేసి వచ్చిన సరుకే. నలగడం పాపం కాదు, లెక్క లేకుండా నలపడం పాపం.

జేపెగ్ తగాదా

జేపెగ్ అంటే నాకు కోపం లేదు. దాని గుండెలో ఉన్న గణితం మన దేశంలో చదువుకున్నవాళ్ల చేతుల మీదుగా వచ్చింది. బెంగళూరులో పుట్టి కాన్సస్ స్టేట్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పిన నాసిర్ అహ్మద్ 1972లో ఈ ఆలోచన మీద పనిచేస్తానని నిధులు అడిగితే అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్ ఇవ్వలేదు. ఆలోచన మరీ తేలికగా ఉందని తిప్పికొట్టారట. ఆయన వదిలిపెట్టలేదు. టి. నటరాజన్, మద్రాసు విశ్వవిద్యాలయంలో చదివి టెక్సస్ యూనివర్సిటీ ఆర్లింగ్టన్‌లో ప్రొఫెసర్‌గా ఉన్న కమిశెట్టి రామమోహన రావు తోడుగా 1974 జనవరిలో డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫార్మ్ పత్రం వెలువడింది. తర్వాత జేపెగ్, వీడియో ప్రమాణాలు దాని మీదే నిలిచాయి. మీ ఫోన్‌లోని ప్రతి ఫొటో ఆ పత్రానికి బాకీ.

మరి వద్దనడం ఎందుకు? జేపెగ్ మనిషి కంటి కోసం తయారైంది. కన్ను వెలుగు తేడాను బాగా పడుతుంది, రంగు తేడాను అంతగా పట్టదు. కాబట్టి రంగుల్ని సగానికి పలచన చేస్తుంది. మీరు నియర్ ఇన్‌ఫ్రారెడ్, ఎరుపు, ఆకుపచ్చ బ్యాండ్లను మూడు రంగులుగా పెట్టి జేపెగ్ చేస్తే, అది మీ నియర్ ఇన్‌ఫ్రారెడ్‌ను ఒక రంగు అనుకుని మిగతావాటిలో కలిపి పలచన చేస్తుంది. ఎన్‌డీవీఐ బతికేది సరిగ్గా ఆ బ్యాండ్ల తేడా మీదే. పైగా 12 బిట్లు కాస్తా 8 బిట్లవుతాయి.

ఇంకో చిక్కు మన పొలాల సైజు. జేపెగ్ చిత్రాన్ని 8 అడ్డం, 8 నిలువు పిక్సెళ్ల చదరాలుగా కోసి, ఒక్కో చదరాన్ని విడిగా కుదిస్తుంది. నష్టం కూడా చదరం చదరంగానే పడుతుంది. 23.5 మీటర్ల లిస్-3 చిత్రంలో ఒక చదరం 188 మీటర్ల పొడవు, అంతే వెడల్పు: ఎనిమిదిన్నర ఎకరాల పైమాటే. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం తెలంగాణలో సగటు కమతం ఒక హెక్టారు, అంటే దాదాపు రెండున్నర ఎకరాలు. ముగ్గురు నలుగురు రైతుల పొలాలు ఒకే చదరంలో పడి, ఒకరి మొక్కజొన్న ఇంకొకరి కందిలోకి కారుతుంది. 5.8 మీటర్ల లిస్-4లో చదరం 21 గుంటలు. అర ఎకరం వరి మడి ఉన్న రైతు ఒక్క చదరంలో తేలిపోతాడు. వందల ఎకరాల కమతాలున్న దేశంలో చెల్లిన సెట్టింగ్ ఇక్కడ చెల్లకపోవడానికి కారణం ఇదే. డ్రోన్ చిత్రంలో పిక్సెల్ చిన్నది కాబట్టి ఈ బాధ తగ్గుతుంది, బ్యాండ్ల బాధ మాత్రం అలాగే ఉంటుంది.

చూడటానికి జేపెగ్, కొలవడానికి టిఫ్. రైతుకో సర్పంచ్‌కో ఫోన్‌లో చూపించడానికి జేపెగ్ నిశ్చింతగా చేయండి, కానీ ఫైలు పేరులోనే 'చూడటానికి మాత్రమే' అని రాయండి. లేకపోతే దాన్ని ఎవరో ఒకరు మళ్లీ సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించి సూచీ లెక్కగడతారు. తప్పకుండా చేస్తారు.

ఇక మీ గదిలో పని

కుదించడం కంటే ముందు కోయడం నేర్చుకోండి. డ్రోన్ పైకి లేస్తున్నప్పుడు, మలుపు తిరుగుతున్నప్పుడు, దిగుతున్నప్పుడు తీసిన ఫొటోలు అతుకుకి పనికిరావు, వాటిని మొదటి రోజే తీసేయండి. తర్వాత సూచీల మ్యాపులు. ఎన్‌డీవీఐ, ఎన్‌డీఆర్ఈ, ఇంకా నాలుగు, అన్నీ ఫైళ్లుగా దాచుకుంటున్నారా? బ్యాండ్లు ఉంటే అవి క్షణాల్లో మళ్లీ వస్తాయి. ఏ సూత్రంతో లెక్కగట్టారో రెండు ముక్కలు రాసి పెట్టుకుని ఫైళ్లు తీసేయండి. మీ డిస్క్‌లో సగం చెత్త ఇదే అని నా అనుమానం.

అతుకు చిత్రం దగ్గరికి వద్దాం. సాఫ్ట్‌వేర్ దాన్ని దశాంశ సంఖ్యలుగా, పిక్సెల్‌కి నాలుగు బైట్ల చొప్పున రాసి ఇస్తుంది. ప్రతిఫలన విలువ 0.31274816 అని. అందులో నాలుగో దశాంశం దాటాక ఉన్నదంతా గాలి. ఆ గాలి అంకెలు కుదింపుకి లొంగవు కూడా. 10,000తో గుణించి 3127 అని పూర్ణాంకంగా రాయండి. సగం చోటు అక్కడికక్కడే దిగిపోతుంది, మిగతా సగం కూడా కుదింపుకి బాగా లొంగుతుంది. సెంటినెల్-2 చిత్రాలూ ప్రతిఫలనాన్ని ఈ 10,000 గుణకంతోనే ఇస్తాయి. ఎంతతో గుణించారో ఫైలులోనే నమోదు చేయడం మరిచిపోకండి.

జీడాల్‌లో నష్టం లేని కుదింపు పెట్టేటప్పుడు చాలామంది డిఫ్లేట్ లేదా జెడ్‌స్టాండర్డ్ ఎంచుకుని, పక్కనే ఉన్న ప్రెడిక్టర్ అనే గడిని ఖాళీగా వదిలేస్తారు. పైన చెప్పిన పక్క పిక్సెల్ తేడా ఉపాయం మొత్తం ఆ గడిలోనే ఉంది. పూర్ణాంకాలకు 2, దశాంశాలకు 3 పెట్టండి. ఫైలును పలకలుగా, చిన్న సైజు నమూనాలతో సహా రాయించండి. అప్పుడు పది జీబీల చిత్రంలో ఒక మూల చూడటానికి పదీ విప్పాల్సిన పని ఉండదు. ఇదంతా చేశాక మళ్లీ జిప్ చేయకండి. ఒకసారి పిండిన దాంట్లో మళ్లీ పిండేదేమీ మిగలదు. ఒకటో రెండో శాతం కోసం, ఫైలు తెరవాల్సిన ప్రతిసారీ టీ తాగి రావాల్సి వస్తుంది.

నష్టాన్ని అనుమతించిన ఏ ఫైలునైనా క్లయింటుకి పంపే ముందు ఒక పరీక్ష పెట్టండి. కుదించి, విప్పి, రెండింటి సూచీలూ లెక్కగట్టి తీసివేయండి. సగటు తప్పు చూసి మురిసిపోవద్దు, సగటు ఎప్పుడూ బాగానే ఉంటుంది. అత్యధిక తప్పు ఎంతో, అది ఎక్కడ పడిందో చూడండి. గట్ల మీదా, నీడల్లోనా, పైరు మధ్యలోనా? ఆపైన అసలు ప్రశ్న: కుదింపు వల్ల ఎన్ని గుంటల నేల 'ఎరువు కావాలి' నుంచి 'అక్కర్లేదు'కి మారింది? ఆ అంకె సున్నాకి దగ్గరగా ఉంటే మీ కుదింపు సరైనదే, ఫైలు ఎంత చిన్నదైనా సరే. లేకపోతే ఫైలు ఎంత పెద్దదైనా దండగే.

చివరగా ఒక హెచ్చరిక. ఇది పిక్సెళ్ల గురించి కాదు. ప్రతి డ్రోన్ ఫొటో లోపల కనపడని రాత ఉంటుంది: ఎక్స్‌పోజర్ ఎంత, గెయిన్ ఎంత, ఆ క్షణంలో పైనున్న ఎండ సెన్సర్ ఎంత చూపింది, కెమెరా ఏ దిక్కుకి వంగింది. ఫైలు రకం మార్చే చాలా సాధనాలు పిక్సెళ్లను జాగ్రత్తగా మోసి, ఈ రాతను దారిలో పారేస్తాయి. చిత్రం చూడటానికి చక్కగానే ఉంటుంది, కానీ ఆ అంకెలను ఇక ప్రతిఫలనంగా మార్చలేరు. కుదించిన తర్వాత ఒక ఫైలు తెరిచి ఆ రాత ఉందో లేదో చూశాకే అసలును తుడవండి. అలాగే ప్రతిఫలనాన్ని సరిచూసుకోవడానికి ఎగరడానికి ముందూ దిగాకా తీసే బూడిదరంగు ప్యానెల్ ఫొటోలు. పొలం లేదు కదా అని వాటిని మొదట తీసేసేవాళ్లు ఉన్నారు. వాటి కోసం అయ్యే చోటు కొన్ని పదుల ఎంబీలు. అవి, ఆ కనపడని రాత పోయాక ఈ ఏడాది వరిని వచ్చే ఏడాది వరితో పోల్చడం కుదరదు, చిత్రం ఎంత నష్టం లేకుండా దాచినా సరే.